సున్నపు గీత

మా మనవరాలు ఆయిషా పట్టుబట్టి కుక్కపిల్లను తెచ్చుకుని మూడు నెలలవుతోంది. పేరు కోకో. బెల్లం రంగు, వేలాడే చెవులు, ఒక్క క్షణం కాలు నిలవదు. గుంటూరులో మేముండే అపార్టుమెంటులో లిఫ్టు తలుపు తెరుచుకుంటే చాలు, పట్టీ పట్టుకున్న మనిషిని ఈడ్చుకుంటూ గేటు దాకా పోతుంది. అందుకని దానికి నడక నేర్పడానికి ఒకాయన్ని పెట్టారు. "నడక నేర్పడమేంటే, నాలుగు కాళ్ళతో నడుస్తూనే ఉందిగా" అని నేను ఎగతాళి చేశాను. "అది నడవడం కాదు అమ్మమ్మా, మమ్మల్ని నడిపించడం" అంది. వచ్చినాయన నరసింహం గారు, పోలీసు కుక్కలకు నేర్పి రిటైరయ్యారు. మనిషి భారీగా ఉంటారు గానీ గొంతు పెంచరు. మొదటి రోజు హాల్లో ఆయిషా చేత కుక్కను నడిపిస్తూ, "అది లాగితే మీరు ఆగిపొండి. అది ఆగితే మీరు నడవండి. ఇందులో ఇంతకంటే ఏం లేదండి" అన్నారు. నేను ఉల్లిపాయలు తరుగుతూ నవ్వుకున్నాను. ఆ మాట మా నాయన నాకు ఎప్పుడో చెప్పాడు.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కాసేపటికి ఆయన పిలుపు సంగతి మొదలుపెట్టారు. "చూడమ్మా, నువ్వు పిలిచావు, అది వచ్చింది. వచ్చాక దానికి మంచే జరగాలి. పిలిచి తిట్టకూడదు. పిలిచి కట్టెయ్యకూడదు. పిలిచి ఎవరి చేతికీ అప్పగించకూడదు. ఒక్కసారి అలా చేశావంటే ఆ పిలుపు ఇక అబద్ధమైపోయినట్టే." ఆయన ఆయిషాకు చెబుతున్నారు. నాకే తగిలింది. పాలు పొంగుతున్నాయని చెప్పి వంటింట్లోకి పోయి, వెలిగించని పొయ్యి ముందు నిలబడ్డాను. నాకు పదకొండేళ్ళప్పుడు ఒక కుక్క ఉండేది. దాన్ని నేను పిలిచాను, అది వచ్చింది. ఆ సంగతి ఇన్నేళ్ళూ కట్టుకున్న మనిషికి చెప్పలేదు, కన్న కూతురికి చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది పొదిలి వైపు పల్లెటూరు, మేము దూదేకుల వాళ్ళం. నాయన సైదులు దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మనిషి పొడుగున్న విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. వీధి మొదట్లో నిలబడి చేతికొయ్యతో నారిని ఒక్కసారి మీటితే ఆ మోత వీధి చివరింటి వంటగదిలోకి వినపడేది. నోటితో కేక వేయాల్సిన పని ఉండేది కాదు. ఊళ్ళో పని ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇంటి ముందు గదిలోనే ఏకేవాడు. పొద్దున మేం లేచేసరికి ఆ మోత మొదలై ఉండేది, దూది రేకులు రేకులుగా లేచి కోడి ఈకల్లా వాలుతుండేది. అన్నంలో దూది, నీళ్ళ బిందె మీద దూది, మా నాయనమ్మ కనుబొమల మీద దూది. ఆ గదిలో ఎండకు కాగిన పత్తిగింజల నూనె వాసన, కొంచెం దుమ్ము వాసన. మాఘమాసం వచ్చిందంటే వాటి మీదుగా కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు, కోరు అంటాం, గాలిలో వచ్చేది. ఇంటిల్లిపాదీ తుమ్ముకుంటూనే పని చేసుకునేవాళ్ళం.

నాయనమ్మ పేరు హుస్సేనమ్మ. ఇంటి పెద్ద ఆవిడే. ఐదు పూటలా నమాజు, మధ్యలో తాంబూలం. నడుముకు సున్నం డబ్బా వేలాడుతుండేది, కోపం వస్తే దాని మూత టకటకా కొట్టేది. దూది గదిని మసీదంత శుభ్రంగా చూసుకునేది. "మనుషులు పడుకునే దాన్ని మనం చేస్తన్నాం. పెళ్ళైన పిల్ల మొదటి నిద్ర దీని మీదే. చంటిబిడ్డ మొదటి నిద్రా దీని మీదే" అనేది. ఆ రోజుల్లో పరుపు కుట్టించుకునేవాళ్ళు తమ చేలో పత్తి తామే తెచ్చి, ఏకినంతసేపూ గుమ్మంలో కూర్చుని చూసేవాళ్ళు, తమ దూది మారిపోకుండా. ఎవరేం తెచ్చారో నాయనమ్మకు ముట్టుకుంటే తెలిసేది. అలాంటి ఇంట్లోకి నేను కుక్కపిల్లను ఎత్తుకొచ్చాను. సంతలో బండి కింద దొరికింది, తెల్లగా, ఒక చెవి మాత్రం గోధుమరంగు. జిమ్మీ అని పేరు పెట్టాను, మా బడిలో ఇంగ్లీషు తెలిసిన వాళ్ళందరూ కుక్కలకు అదే పేరు పెడుతున్నారు కాబట్టి.

నాయనమ్మ దాన్ని బయటికి తరిమెయ్యలేదు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నేను దాన్ని పరికిణీలో దాచుకుని ఏడుస్తుంటే చూసి, లోపలికి పోయి, గోడలకు వేయగా మిగిలిన పిడుగురాళ్ళ సున్నం చిప్పలో తెచ్చింది. దూది గది గడప వెంట ఈ మూల నుంచి ఆ మూలకు గీత గీసింది. "వసారాలో ఉండనీ, దొడ్లో ఉండనీ. ఈ గీత ఇవతలికి కాలు పెట్టిందంటే ఆ పొద్దే ఎవరికన్నా ఇచ్చేస్తా. నేర్పుకుంటావో, మానుకుంటావో నీ ఇష్టం" అంది. ఇంత చిన్న పిల్లకు ఇంత పెద్ద పనేంటని అమ్మ అనబోతే, "నేర్పుద్దిలే, మొండిది" అని తనే సర్దింది.

నేర్పడం మొదలుపెట్టిన రోజే పరువు పోయింది. మెడకు కట్టడానికి తాడు దొరక్క, నాయన తీసి పక్కన పెట్టిన పాత నారిని కట్టాను. నారి అంటే గొర్రె నరం. పేని, ఆరబెట్టి, ఎంత లాగినా తెగకుండా చేస్తారు. పొద్దున చూస్తే కుక్క ఉంది, నారి లేదు. మొత్తం తినేసి, ఇంకా ఉందా అన్నట్టు నా మొహం చూస్తోంది. నాయన కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "లోకంలో ఇంకెవరన్నా కుక్కని మాంసంతో కడతారంటే చెప్పవే" అన్నాడు. తరవాత అమ్మ పరుపు గుడ్డ పేలికలు జడలా అల్లి ఇచ్చింది. దాంతో బావి దాకా నడిపించేదాన్ని. నడిపించడమేముంది, అదే నన్ను ఈడ్చుకుపోయేది. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. అప్పుడు చెప్పాడు నాయన, "ఏమ్మే, అది లాగితే నువ్వు చెట్టులా నిలబడు. అది ఆగితే నువ్వు నడువు" అని. బావికి అరగంట పట్టిన రోజులున్నాయి. నీళ్ళ కోసం వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నెల తిరిగేసరికి పేలికల తాడు నా వేలికి వదులుగా వేలాడుతుండగా జిమ్మీ నా మడమ పక్కన నడిచేది.

పిలుపు నేర్పడానికి విల్లును వాడుకున్నాను. జొన్నరొట్టె ముక్క చేతిలో పట్టుకుని, నాయన పనిలో లేనప్పుడు నారిని ఒక్కసారి మీటేదాన్ని. మోత, రొట్టె. మోత, రొట్టె. వారం తిరక్కుండా ఆ చప్పుడు ఎక్కడ విన్నా, చెరువు అవతల ఉన్నా సరే, మట్టి లేపుకుంటూ వచ్చి నా ఎదురుగా వెనక కాళ్ళ మీద కూర్చునేది. నాయన మామూలుగా ఏకేటప్పుడు మోత ఆగకుండా వస్తుంది, దానికి కదిలేది కాదు. ఒంటి మోతకే వచ్చేది. ఆ తేడా అది ఎలా పట్టిందో నాకు తెలియదు.

గీత నేర్పిన పద్ధతి మాత్రం చెప్పుకోదగ్గది కాదు. ఎంత అదిలించినా సున్నం మీద నుంచి దూకేది. నాయనమ్మ సున్నం డబ్బా మూత టకటకలాడుతోంది. ఒకరోజు భయమేసి, కాస్త తడి సున్నం వేలితో తీసి దాని ముక్కుకు, నాలుకకు రాశాను. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు ఎలా పొక్కుతుందో నాకు తెలుసు. తెలిసే రాశాను. అది నేల మీద మూతి రాచుకుంటూ దొడ్డంతా తిరిగింది. రెండు రోజులు రొట్టె తినలేదు. మూడో రోజు నేను మజ్జిగ పెడితే తాగి, నా చెయ్యే నాకింది. ఆ తరవాత తెల్లటి గీత ఎక్కడ కనిపించినా అడుగు దూరంలో ఆగిపోయేది. బడిలో పంతులుగారు ఆటకు గీసిన ముగ్గుపిండి గీత దగ్గర కూడా ఆగింది. నాయనమ్మ నాలుగు రోజులు కనిపెట్టి చూసి, "మాటంటే మాటేనే" అని మెచ్చుకుంది. ఆ మెప్పు నేను ఊరంతా చెప్పుకున్నాను.

పక్క ఊరి నుంచి ఒకావిడ కూతురి పెళ్ళికని రెండు గోతాల పత్తి తెచ్చింది. పెద్ద పరుపు, చిన్న పరుపు, ఆరు దిండ్లు. నాయన రెండు రోజులు ఏకాడు. దూది నా నడుము దాటి గుట్ట అయింది. రెండో రోజు మధ్యాహ్నం ఆవిడ అన్నానికి ఎవరింటికో వెళ్ళింది, నాయన నారి బిగించుకోవడానికి వెళ్ళాడు, నాయనమ్మ నమాజులో ఉంది. గదిలో ఎవరూ లేరు. ఆ గుట్టను చూస్తే ఏ పిల్లకైనా దూకాలనిపిస్తుంది. ఒంటరిగా దూకితే ఏం సరదా? జిమ్మీ గీత అవతల కూర్చుని నన్నే చూస్తోంది. రమ్మన్నాను, రాలేదు. రొట్టె చూపించాను, మూలిగింది గానీ కదల్లేదు. అప్పుడు వెళ్ళి ఎత్తుకున్నాను. గీత దాటేటప్పుడు నాలుగు కాళ్ళూ బిగబట్టి నా భుజం మీదికి ఎక్కిపోవాలని చూసింది. దాని గుండె నా చేతికి కొట్టుకుంది. అయినా మోసుకెళ్ళి దూదిలో పడేశాను, పక్కన నేనూ పడ్డాను. కాసేపటికి అదీ భయం మరిచిపోయి పొర్లింది. నా బాల్యంలో అంత నవ్విన మధ్యాహ్నం ఇంకోటి గుర్తు లేదు.

అడుగుల చప్పుడు వినపడి దాన్ని వసారాలోకి పారేసి బట్టలు దులుపుకున్నాను. ఆవిడ వచ్చి దూది చేత్తో తిరగేసింది. మట్టి కాళ్ళ గుర్తులు, గోధుమరంగు వెంట్రుకలు. "ఇదేందయ్యా సైదులూ! నా పిల్ల పెళ్ళి పరుపులో కుక్క పడుకుందా?" అని అరిచిన అరుపుకు వీధి పోగైంది. నాయన రెండు చేతులూ జోడించాడు. నాయనమ్మ నమాజు చాప చుట్టి చేత్తో పట్టుకుని వచ్చింది. అందరి ముందూ నన్ను అడిగింది, "గీత దాటిందా?" అని. నేను తలూపాను. "అదే దాటిందా? నువ్వు గానీ తీసుకుపోయావా?" అని ఆవిడ గుచ్చి అడగబోతే, నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "మా మస్తాని నోట అబద్ధం రాదు. అది దాటిందంటే దాటింది" అంది. ఆ మాటతో నా నోరు మూతపడింది. అప్పుడు నిజం చెబితే నాలుగు దెబ్బలు పడేవి, అంతే. దెబ్బలకు కాదు నేను భయపడింది. నాయనమ్మ ఊరందరి ముందు నా తరఫున ఆ మాట అన్నది. దాన్ని అబద్ధం చెయ్యడానికి ధైర్యం చాలలేదు.

నాయన మా సొంత దూది పెట్టి మళ్ళీ మొదటి నుంచీ ఏకాడు. రెండు రోజులకు కోటయ్య అనే రైతు బండి కట్టుకుని వచ్చాడు. మూడు మైళ్ళ అవతల ఊరు, మిరప కళ్ళానికి కాపలా కుక్క కావాలి. మంచివాడే. జిమ్మీ కొత్త మనిషిని చూసి చెరువు గట్టు ఎక్కింది, ఎవరు పిలిచినా దిగలేదు. "నువ్వు పిలవ్వే" అంది నాయనమ్మ. నేను గదిలోకి పోయి నారిని ఒక్కసారి మీటాను. గట్టు దిగి, వీధి దాటి, మట్టి లేపుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. రొట్టె కోసం నా చెయ్యి చూసింది. చేతిలో కోటయ్య ఇచ్చిన పలుపు ఉంది. మెడకు నేనే కట్టాను. బండి వెనక, నేర్పినట్టే, పలుపు వదులుగా ఉండేలా నడిచింది. ఒక్కసారి కూడా లాగలేదు.

ఇరవై రోజుల తరవాత నాయన ఆ ఊరు పోయి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు. కోటయ్య జిమ్మీని తెగ పొగుడుతున్నాడట. చీమలు రాకుండా కళ్ళం చుట్టూ తెల్లపొడి గీతలా చల్లాడట, లోపల వదిలిన కుక్క దాన్ని చచ్చినా దాటి బయటికి పోదట, బాట తప్పి కాయ మీద కాలు పెట్టదట. "గీత దాటని కుక్క మీ ఇంట్లో ఎట్టా దాటిందయ్యా అని అడిగాడు" అన్నాడు. నా వంక చూడలేదు. నేనూ ఆయన వంక చూడలేదు. నాయనమ్మ లోపల ఉంది, వినలేదు.

తరవాతి వారం నాయన నన్ను వెంట తీసుకెళ్ళాడు. కళ్ళం దగ్గరికి వచ్చేసరికి కోరు ముక్కుల్లోకి ఎక్కి కళ్ళు మండాయి. ఎర్రగా పరిచిన కాయల చుట్టూ తెల్లటి గీత, గీత లోపల, కళ్ళం నడిమి పాక నీడలో జిమ్మీ. నాయన భుజం మీది విల్లు దించి నా ముందు పెట్టి, "కొట్టు" అన్నాడు. మీటాను. జిమ్మీ లేచింది. కాయల మధ్య వదిలిన బాట వెంట పరుగెత్తుకుంటూ వచ్చి, గీత దగ్గర ముందు కాళ్ళు పాతి ఆగిపోయి, అక్కడే కూర్చుంది. ఒళ్ళంతా వణుకుతోంది. రమ్మని నేర్పిందీ నేనే, దాటొద్దని నేర్పిందీ నేనే. రెండూ దానికి గుర్తున్నాయి. మూలుగుతూ నా మొహం చూస్తూ కూర్చుంది.

"కోటయ్యతో మాట్లాడా. తీసుకుపొమ్మన్నాడు" అన్నాడు నాయన మెల్లగా. "కాలితో ఆ గీత చెరిపెయ్యి, వచ్చేస్తది. ఇంటికెళ్ళాక మీ నాయనమ్మకి ఏం చెప్పాలో నువ్వే చెప్పు. నేను పక్కన ఉంటాలే."

ఒక్క కాలు చాచితే చాలు. పొడి అది, ఊదితే పోతుంది. నేను నిలబడ్డాను. నాయనమ్మ మొహం, సున్నం డబ్బా, అందరి ముందు అడ్డం పెట్టిన ఆమె చెయ్యి కళ్ళ ముందు ఆడాయి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎండకు నా నీడ జిమ్మీ మీద పడుతోంది, అది ఆ నీడను వాసన చూసింది. చివరికి నాయన నా చేతిలోంచి కొయ్య తీసుకుని, విల్లు భుజాన వేసుకుని, "పద" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత మేలయ్యేది. వెనక్కి తిరిగి చూడలేదు నేను. చూడకుండా నడిచిన ఆ మూడు మైళ్ళూ ఇప్పటికీ నా కాళ్ళకు తెలుసు.

ఆ తరవాత నాయన కోటయ్య ఊళ్ళో మాత్రం విల్లు మోగించలేదు. పొలిమేరలోనే నారి మీద తుండుగుడ్డ చుట్టి, "దూది ఏకుతాం, పరుపులు కుడతాం" అని నోటితో కేకేసుకుంటూ తిరిగేవాడు. ఆయనది కేక వేసే గొంతు కాదు. ఇంటికొచ్చేసరికి బొంగురుపోయి ఉండేది. అమ్మ మిరియాల పాలు కాచి ఇస్తూ, ఆ ఊళ్ళోనే ఎందుకు అరుస్తావని అడిగితే, "అక్కడ జనానికి మోత వినపడదులే" అనేవాడు. నాయనమ్మ ఇంకో పన్నెండేళ్ళు బతికింది. ఎవరింట్లో పిల్లలు అబద్ధం ఆడినా నన్ను చూపించేది. నేను టీచరునయ్యాక, "నిజం చెప్పండి, కొట్టను" అని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. నిజం చెప్పిన పిల్లల్ని చూస్తే ముచ్చట కాదు, కుళ్ళు కలిగేది నాకు. ఇప్పుడు పరుపులన్నీ దుకాణంలో కవర్లు చుట్టి దొరుకుతున్నాయి, విల్లు ఎప్పుడో పొయ్యిలోకి పోయింది, కుక్కలకు వైద్యులూ గురువులూ వచ్చారు. ఇప్పటి పిల్లలు కుక్కను ముద్దు చేస్తారని అందరూ వెక్కిరిస్తారు. ముద్దు మేమూ చేశాం. వాటికిచ్చిన మాట మీద నిలబడడమే మాకు చేత కాలేదు. మాకు అంటున్నాను గానీ, నాకు.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో నేనూ కోకో మాత్రమే ఉన్నాం. మా అమ్మాయి షకీలా నమాజు చేసుకునే గదిలోకి కుక్క రాకూడదని నరసింహం గారు గుమ్మం దగ్గర నేల మీద తెల్ల టేపు అతికించారు. పదిరోజుల్లో నేర్చేసుకుంది. నేను ఆ గదిలో కుర్చీలో కూర్చుని ఉంటే, టేపు అవతల వెనక కాళ్ళ మీద కూర్చుని నా మొహం చూస్తోంది. చాలాసేపు చూసింది. మోకాళ్ళ నొప్పితోనే కిందికి వంగి గోటితో టేపు అంచు లేపి, మొత్తం పీకేశాను. అంతలో తలుపు తీసుకుని తల్లీ కూతుళ్ళిద్దరూ వచ్చారు.

"కోకో! టేపు పీకావా?" అని ఆయిషా వేలు చూపించింది. కోకో చెవులు వెనక్కి వాల్చింది. "చెప్పానా, ఇది లోపలికి రావడం మొదలుపెడితే నేను ఊరుకోనని" అంది షకీలా. టేపు ముద్ద నా గుప్పిట్లో ఉంది.

"అది కాదు. నేను పీకాను" అన్నాను.

ఇద్దరూ నా వంక చూశారు. "నువ్వా? ఎందుకే అమ్మా?" అంది షకీలా. గుప్పిట విప్పి టేపు ముద్ద చూపించాను. "సర్లే అమ్మమ్మా, ఇంకో టేపు ఉంది, తెస్తా" అని ఆయిషా నవ్వుకుంటూ తన గదిలోకి పోయింది. షకీలా కూరల సంచి తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. అంతే. అంతకంటే ఏమీ జరగలేదు.

కోకో ఇంకా అక్కడే, టేపు ఉన్న చోటికి అవతల కూర్చుని ఉంది. నేల మీద గీత లేదు, అయినా దాటడం లేదు. అది చూసి నా మనసు ఎంత తొందరగా ఊరట వెతుక్కుందో చెబితే సిగ్గేస్తుంది. ఆ రోజు నేను గీత చెరిపినా జిమ్మీ వచ్చేది కాదేమో అనుకున్నాను. ఆ మాట రుచి చూస్తూ ఒక్క క్షణం హాయిగా కూర్చున్నాను కూడా. తరవాత చెయ్యి చాచి, "రా" అన్నాను.

కోకో ఖాళీ నేలను ఒకసారి వాసన చూసి, లేచి వచ్చేసింది.